ఇష్టపూర్వకంగా

"ఇన్స్పెక్టరు మేడం టెస్టు ట్రాకు కాడ ఉన్నారంటమ్మా. గంటయినా పట్టీలాగుంది. మీరు కూకోండి, నాను లోపలికెల్లి లైన్లో నిలబడతాను" అని చెప్పి, ట్రస్టు డ్రైవరు వీరేంద్ర ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ ముందు తలుపుల అద్దాలు రెండూ కిందికి దించాడు గానీ, తాళంచెవి మాత్రం అలవాటు కొద్దీ జేబులో వేసుకున్నాడు. రవాణా ఆఫీసు ప్రహరీ వార, కానుగ చెట్టు నీడ సగం బానెట్టు మీద, సగం నేల మీద పడేచోట ఆపిన వెండిరంగు కారులో ఇక ఇద్దరే మిగిలారు. ముందు సీట్లో, ఎడమ పక్క, డేవిడ్ రాజు. ఒరిగిపోకుండా బెల్టు బిగించి, కుడి చంక కింద దిండు పెట్టి ఉంది. వెనక సీట్లో ఆయన భార్య ప్రసన్నకుమారి, ఒళ్లో నీళ్ల సీసా, తువ్వాలు, మందుల సంచీ. మే నెల పదకొండు గంటల ఎండ. నడుం పట్టేసింది, కాసేపు దిగి నిలబడదాం అనుకుని తలుపు పిడి లాగింది. రాలేదు. రాదని ఆమెకి తెలుసు, పన్నెండేళ్లుగా తెలుసు, అయినా చెయ్యి ప్రతిసారీ ఆశగా వెళ్తుంది, కరెంటు పోయిన గదిలోకి వెళ్తూ స్విచ్చి నొక్కినట్టు.

వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోకుండా పిల్లల లాకు వేసింది ఆయనే. ఇంట్లో పిల్లలు లేరు, కలగలేదు. కారు కొన్న మొదటి నెలలో ఆసిల్‌మెట్ట దగ్గర ఆమె వెనక చూసుకోకుండా తలుపు తీస్తే పాలవాడి బండి తగిలింది, క్యాను దొర్లింది, రోడ్డంతా తెల్లగా అయిపోయింది. ఆ రోజు ఆయన ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్న వెనక తలుపు తీసి, అంచు దగ్గర వంగి, తాళంచెవి మొనతో ఏదో కిందికి నొక్కి, "ఇంక నీకు భయం లేదు ప్రసన్నా, నేనే తీస్తాను" అన్నాడు. అన్నట్టే పదకొండేళ్లు ఆయనే దిగి, చుట్టూ తిరిగొచ్చి, తలుపు తీసేవాడు. చర్చి మెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్లు అది చూసి, మీ ఆయన మహారాణిలా చూసుకుంటాడమ్మా అనేవారు. ఒక్కో ఆదివారం ఆయన దిగి ఎవరితోనో మాటల్లో పడి ఆమెని మర్చిపోయేవాడు, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, మహారాణి లోపల ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చునేది. అద్దం మీద వేలితో కొట్టొచ్చు. కొడితే తను లోపల ఉండిపోయానని అందరికీ తెలిసిపోతుంది, అది నామోషీ, అందుకని ఏదో చదువుకుంటున్నట్టు తల వంచుకునేది. ముందు సీటు అత్తగారిది. ఆవిడ పోయాక కూడా ఈమె వెనకే కూర్చుంది. ముందుకి రమ్మని ఆయన అనలేదు, వస్తానని తనూ అడగలేదు, సంవత్సరాలు అలా గడిచిపోతాయి, అడగకుండా.

అది ప్రేమ కాదని ఆమె ఇప్పటికీ అనలేదు. సీతమ్మధారలో తను నర్సుగా చేసే క్లినిక్కు దగ్గర పొద్దున్న ఎనిమిదికి దింపి, సాయంత్రం నాలుగుకి వచ్చి ఎక్కించుకునేవాడు, పోర్టులో డ్యూటీలు మార్చుకుని మరీ. ఎమర్జెన్సీ ఏదో వచ్చి పది నిమిషాలు ఆలస్యమైతే రిసెప్షన్లో ఫోను మోగేది, ప్రసన్నకుమారి బయల్దేరిందా. తోటి నర్సులు నవ్వేవారు, ఆ నవ్వులో అసూయ ఉండేది. ఎక్కాక అడిగేవాడు, ఎవరా పేషెంటు, ఏమైంది, ఎవరితో మాట్లాడుతున్నావు గేటు దగ్గర. అన్నీ మెత్తగానే, ఒక్కనాడు గొంతు పెంచి ఎరగడు. పెళ్లైన కొత్తలో తను పుట్టిన ఊరు పద్మనాభం యాసలో ఏటండీ అంటే, ఏమిటి అనాలి ప్రసన్నా, ఏటి కాదు, అని దిద్దేవాడు, నాను కాదు, నేను. దిద్దీ దిద్దీ ఆమె మాట అంతా మారిపోయింది. తర్వాత తర్వాత చెల్లెలు జయశీల ఫోను చేస్తే, అక్కా నువ్వు టీవీలో వార్తలు సదివినట్టు మాట్లాడతన్నావే అని నవ్వేది.

ఇప్పుడు ఆ దిద్దే మనిషికి ఒకే ఒక్క మాట మిగిలింది.

పద్నాలుగు నెలల కిందట, స్నానాల గది గడప మీద పడిపోయాడు. తెలివొచ్చేసరికి కుడి పక్క పోయింది, మాట పోయింది. అంత మాటకారి, చర్చి కమిటీలో నిలబడితే అరగంట దిగనివాడు. మూడో వారం ఆసుపత్రి మంచం మీద పెదాలు కూడదీసుకుని మొదటిసారి అన్నాడు, వద్దు. ఆమె ఏడ్చింది సంతోషంతో. తర్వాత ఇంకో మాట వస్తుందని చూశారు, రాలేదు. కాఫీ కావాలా అంటే వద్దు, తాగుతాడు. కిటికీ మూయనా అంటే వద్దు, మూస్తే ఊరుకుంటాడు. ప్రార్థన చివర అందరూ ఆమెన్ అంటే ఆయనా గట్టిగా వద్దు అంటాడు. ఇలా జరుగుతుంది, లోపల ఉన్న మాటలన్నీ ఆ ఒక్క సందులోంచే బయటికి వస్తాయి, ఆయనకి అన్నీ అర్థమవుతాయి గానీ, అని డాక్టరు చెప్పాడు. చుట్టాలు, చర్చివాళ్లు, మందుల షాపు అతనూ అందరూ అలవాటు పడిపోయారు, ఆ మాటని ఎవరూ పట్టించుకోరు. ప్రసన్నకుమారికి మాత్రం రెండో నెలలోనే తెలిసిపోయింది, అవి రెండు వద్దులని. ఒకటి ఊరికే వచ్చేది, దగ్గులాంటిది, అన్నాక కళ్లు ఎటో వెళ్లిపోతాయి. రెండోది అన్నప్పుడు కళ్లు కదలవు. ఆమెనే చూస్తాయి. రెండోదే అసలుది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకీ చెప్పలేదు, చెల్లెలికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తనని తాను అడగలేదు కూడా. గంజిలో ఉప్పు తక్కువైతే అసలు వద్దు. తన మంచం పక్క గదిలోకి మార్చుకున్న రోజున అసలు వద్దు. ఆమె విననట్టే దుప్పటి మడత పెట్టింది. పైకి ఎవరికీ ఏమీ కనపడలేదు. భార్య భర్తకి సేవ చేస్తోంది, ఆయన వద్దంటున్నాడు, పాపం ఆయనకి ఆ మాటొక్కటే వస్తుంది.

చెట్టు నీడ జరుగుతోంది. ముందు అద్దంలోంచి దూరంగా డ్రైవింగు పరీక్షకి వచ్చినవాళ్ల వరస కనిపిస్తోంది. ఒక లావుపాటి ఆడమనిషి చున్నీ నడుముకి చుట్టుకుని స్కూటీ మీద ఎనిమిది అంకె చుడుతూ కాలు కింద పెట్టేసింది. పెట్టేసి పెద్దగా నవ్వింది. ప్రసన్నకుమారి ఆవిడ మళ్లీ బండి ఎక్కేదాకా చూసింది. తువ్వాలు తడిపి, ముందుకి వంగి, ఆయన మెడ తుడిచింది. వద్దు, అన్నాడు ఆయన, ఊరికే వచ్చే వద్దు. సీసా మూతకున్న గొట్టం పెదాల దగ్గర పెడితే రెండు గుక్కలు తాగాడు.

ఈ కారు ఇచ్చేయాలన్నది తన ఆలోచనే. ఆలోచన అనడానికీ లేదు, చెయ్యి దానంతటది లేచింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, తీరం ట్రస్టు నుంచి అనూరాధ అనే ఆవిడ వచ్చి మాట్లాడింది. యారాడ కొండ అవతలి బెస్త కుటుంబాల్లో కిడ్నీలు పోయినవాళ్లు తొమ్మిదిమంది ఉన్నారు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి సిటీలోకి తీసుకురావాలి, మా వ్యాను ఇంజను పోయింది, ఎవరి ఇంట్లోనైనా వాడకుండా పడి ఉన్న బండి ఉంటే ఇవ్వండి, పాతదైనా పర్వాలేదు, కాయితాలు సరిగ్గా ఉంటే చాలు, అంది. చీకటి సెల్లార్లో దుమ్ము గుడ్డ కప్పుకుని పదకొండు నెలలుగా నిలబడ్డ కారు ప్రసన్నకుమారి కళ్ల ముందు మెదిలింది. చెయ్యెత్తింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఎవరినీ అడక్కుండా ఎత్తిన మొదటి చెయ్యి. పాస్టరు అయ్యగారు మైకులో, సహోదరుడు డేవిడ్ రాజుగారు తన కారుని ప్రభువు పనికి ఇస్తున్నారు, అన్నారు, చప్పట్లు మోగాయి. చక్రాల కుర్చీలో ముందు వరసలో ఉన్న ఆయన ఆ చప్పట్ల మధ్య వద్దు అన్నాడు, మళ్లీ అన్నాడు, వద్దు. ఎవరో, వినయం చూశారా, అన్నారు. అందరూ నవ్వారు, ప్రేమగా. ఆయన మెడ తిప్పి వెనక్కి చూశాడు. ఆ కళ్లు కదలలేదు. ఆమె పాటల పుస్తకం తెరిచి, ఏ పేజీ తెరిచిందో చూడకుండా, చదివింది.

దానం అంటే తాళంచెవి చేతిలో పెట్టేస్తే అయిపోతుందనుకుంది. అనూరాధ ఇంటికొచ్చి, బల్ల మీద కాయితాలు పరిచి, అలా కాదండీ అని నవ్వింది. పేరు మారేదాకా బండికి ఏం జరిగినా యజమానే బాధ్యుడు, కాబట్టి ముందు పేరు మారాలి, తర్వాతే బండి మేం తీసుకెళ్తాం. ఆర్.సి. పుస్తకం కావాలి, ఇన్సూరెన్సు బతికుండాలి, పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉండాలి, ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఇద్దరూ సంతకాలు పెట్టే ఫారాలు ఉంటాయి, బండి మీద లోను గానీ కేసు గానీ లేదని రాసివ్వాలి, టోలుగేటు స్టిక్కరు పీకేయాలి. సార్ సంతకం పెట్టలేరు గనక ఎడమ బొటనవేలి ముద్ర, అదీ ఆఫీసరు ఎదుటే, ఆయన ఇష్టం ఆఫీసరు స్వయంగా అడిగి తెలుసుకోవాలి. ఇదిగో ఈ ఉత్తరం మా ట్రస్టు పేరున. ప్రసన్నకుమారి చదివింది. ఈ వాహనమును నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా. ఆ మూడు ముక్కల దగ్గర కళ్లు ఆగిపోయాయి. ఇష్టపూర్వకంగా అన్న మాట తన జీవితంలో ఏ కాయితం మీదైనా ఉందా అని వెతుక్కుంది. పెళ్లి రిజిస్టరులో ఉండే ఉంటుంది, పాదిరిగారు అడిగారు కదా, అవునంది కదా. పక్క గదిలోంచి వద్దు అని వినిపించింది. ఏమంటున్నారు సార్, అని అనూరాధ అడిగింది. మీకు కాఫీ ఇమ్మంటున్నారు, అంది ప్రసన్నకుమారి. అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం, వంటింట్లోకి వెళ్లి ఆ కాఫీ కలిపింది.

బండిలో సొంత వస్తువులుంటే తీసేసుకోండి అని కూడా చెప్పి వెళ్లింది. నిన్న సాయంత్రం సెల్లార్లోకి దిగి గుడ్డ తొలగించి వెతికింది. ఆయన దువ్వెన, ఆయన నల్లకళ్లద్దాలు, పోర్టు గేటు పాసు పాతది, డాష్‌బోర్డు తుడిచే పసుపు రంగు గుడ్డ నాలుగు మడతలుగా, అత్తగారి వక్కపొడి డబ్బా. తనది ఏమీ లేదు. సీటు సందుల్లో వేళ్లు పెట్టి వెతికింది, ఒక పిన్నీసు, ఒక గాజుముక్క, ఏమీ లేదు. పదకొండేళ్లు కూర్చున్న మనిషి ఆనవాలు లేకుండా ఎలా కూర్చుంది?

ఆ సెల్లార్లోకి ఇంకోసారి కూడా అలాగే ఒక్కతే దిగింది. ఆరేళ్లయింది. అది కావాలని తలుచుకోదు, అదే వస్తుంది, ఇంత వేడిలో, తలుపు రాని ఈ కారులో రాకుండా ఎలా ఉంటుంది. శ్రావణమాసం వాన. గురువారం మధ్యాహ్నం జయశీల ఫోను చేసింది, అక్కా, అమ్మ నీ పేరే తలస్తంది, వచ్చీయే, ఎక్కువ టైము లేదంతన్నారు. పద్మనాభం ఎంత దూరమని. సాయంత్రం కారెక్కగానే చెప్పింది, అమ్మకి బాగాలేదండీ, వెళ్దాం. ఆయన అయ్యో అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు, రేపు బండి సర్వీసింగుకి ఇవ్వాలి ప్రసన్నా, ముందే బుక్ చేశాను, ఆదివారం ఆరాధన అవగానే వెళ్దాం, అన్నాడు. శుక్రవారం తనకి క్లినిక్కు లేదు, ఆయన స్నేహితుడి బండి మీద డ్యూటీకి వెళ్లాడు. కారు సర్వీసింగుకి వెళ్లిందనే అనుకుంది, బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్తూ సెల్లార్లోకి చూస్తే గుడ్డ కప్పుకుని అక్కడే ఉంది. పొడిగా, కడిగి, తళతళలాడుతూ. పద్మనాభం రోడ్డంతా బురద, గుంతలు. ఆదివారం పోర్టు ఛైర్మన్ ఆఫీసులోని పెద్దమనిషి ఎవరో చర్చికి వస్తున్నారు, అంతే, అంతకంటే కారణం లేదు. ఆయన తాళంచెవి మేకుకి వేలాడుతోంది. తీసుకుని దిగింది. ముందు తలుపు తీసి, మొదటిసారి స్టీరింగు ముందు కూర్చుంది. కాళ్ల కింద మూడు పెడల్స్ ఉన్నాయి. ఏది ఏమిటో తెలియదు. గంట కూర్చుంది. కూర్చుని, తాళంచెవి మళ్లీ మేకుకి తగిలించింది. అమ్మ శనివారం తెల్లారగట్ల పోయింది. కానీ ఆయన్ని తప్పు పట్టడం సులువు. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి బస్సులున్నాయి. ఆటోలున్నాయి. బట్టల సంచీ అయినా లేకుండా, చెప్పులేసుకుని రోడ్డెక్కితే గంటలో అమ్మ మంచం దగ్గర ఉండేది. ఎవరూ గొలుసులు వేయలేదు. వెళ్లొచ్చన్న ఆలోచనే రాలేదు, అదే, అదే ఆమెని ఆరేళ్లుగా తినేస్తోంది. ఆయన తీస్తే గానీ తలుపులు తెరుచుకోవని చెయ్యి, కాలు, బుర్ర అన్నీ నమ్మేశాయి.

ముందు సీట్లో చప్పుడైంది. ఆయన ఎడమ చెయ్యి బెల్టు కింద నుంచి బయటికి తీసుకుని, ముందుకి చాచి, డాష్‌బోర్డు మీద దుమ్ముని అరచేత్తో తుడుస్తున్నాడు. నెమ్మదిగా, ఈ చివర నుంచి ఆ చివరికి, అందినంత మేర. తుడిచిన చోట నల్లగా మెరిసింది. అందని చోట దుమ్ము అలాగే ఉండిపోయింది, దానివైపే చూస్తున్నాడు. ఆయన నాన్న పోర్టులో కళాసీ, వీపు మీద బస్తాలు మోసి మోసి నలభై ఏళ్లకే వంగిపోయినవాడు, బతికున్నన్నాళ్లూ కారు డ్రైవరుకి నమస్కారం పెట్టేవాడట. కారు ఇంటికొచ్చిన రోజు డేవిడ్ రాజు రోజంతా అన్నం తినలేదు, చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆ రోజు ప్రసన్నకుమారి కూడా ఎంత సంతోషపడింది. ఆ చెయ్యి అలా తుడుస్తుంటే ఆమెకి జాలి వేసింది, జాలి వేసినందుకు కోపం వచ్చింది, కోపం వచ్చినందుకు మళ్లీ జాలి. ఇందులోంచి బయటికి దారి ఏది. కారు పోతే ఈ ఊపిరాడనితనం పోతుందనుకుంది. కారు పోయినా సాయంత్రానికి ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, రాత్రి రెండుసార్లు లేవాలి, పొద్దున్న మళ్లీ గడ్డం గీయాలి. కారు ఒక్కటే పోతుంది.

"వచ్చేరమ్మా మేడం!" వీరేంద్ర గొంతు. అతని వెనక ఖాకీ యూనిఫారంలో నలభై ఏళ్లావిడ, బ్యాడ్జి మీద నీలిమ అని ఉంది, చేతిలో ఫైలు, ముక్కు మీద చెమట. వీరేంద్ర వెనక తలుపు బయటినుంచి తీశాడు. "ఏటమ్మా, లోపలే కూకున్నారు ఇంతసేపూ? దిగలేకపోయారా?" అని, అంచు దగ్గర వంగి చూసి, "ఓర్నీ, సైల్డ్ లాక్ ఏసుంది. ఇంట్లో సంటిపిల్లలున్నారేటి?" అన్నాడు. లేరు, అంది ఆమె. మరి, అన్నట్టు చూసి, తాళంచెవి మొనతో చటుక్కున దాన్ని పైకి లేపేశాడు. అంత చిన్న పని. పొద్దున్న ఇక్కడికి వస్తూ దారిలో ఇతను వాళ్లమ్మ పోతమ్మ గురించి చెప్పాడు, జాలి కోసం కాదు, దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడాలని. డయాలసిస్ అయ్యాక ఆటోలో కుదుపులకి వాంతులు చేసుకుంటుందని, మొన్న గాలివానకి ఏ ఆటోవాడూ కొండ ఎక్కనంటే ఒక వాయిదా తప్పిపోయి ఒళ్లంతా నీరు పట్టిందని, ఈ బండొస్తే సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టొచ్చని. అప్పుడు డేవిడ్ రాజు వద్దు అన్నాడు. "అవున్సార్, మరి అంతే కదా" అన్నాడు వీరేంద్ర మర్యాదగా.

నీలిమ ముందు కిటికీ దగ్గర వంగింది. గొంతు తగ్గించి, ముఖంలోకి చూస్తూ అడిగింది. "సార్, నా మాట వినిపిస్తోందా? ఈ బండి తీరం ట్రస్టు వాళ్లకి మీ ఇష్టపూర్వకంగా ఇస్తున్నారా?"

"వద్దు."

నీలిమ నిటారుగా నిలబడింది.

"ఆయనకి ఆ మాటొక్కటే వత్తాది మేడం" అన్నాడు వీరేంద్ర కంగారుగా. "మంచినీల్లు కావాలన్నా అదే, సర్చిలో ఆమెనన్నా అదే. అందరికీ తెలుసు."

"డాక్టరు కాయితంలో విషయం అర్థమవుతుందని ఉంది కదమ్మా" అంది నీలిమ, ప్రసన్నకుమారి వైపు తిరిగి. "ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? రోజూ చూసేది మీరు. చెప్పండి, ఒప్పుకున్నారా?"

అడిగారు. ఇన్నేళ్లకి ఒకరు, ఆయన మాట తన నోటినుంచి వినడానికి నిలబడ్డారు. ఒప్పుకున్నారు అన్నా నమ్ముతారు, లేదన్నా నమ్ముతారు. ఆయన కళ్లు ఆమె మీద ఉన్నాయి, కదలకుండా.

"ఒప్పుకున్నారు మేడం."

"సరే, ముద్ర వేయించండి." నీలిమ ఇంకు ప్యాడు తెరిచి పట్టుకుంది. ప్రసన్నకుమారి దిగి, ముందు తలుపు తీసి, వంగి, ఆయన ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుంది. పిడికిలి బిగుసుకుని ఉంది. ఆమె అలవాటుగా చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టింది. చిటికెన వేలు కింద తన బొటనవేలు పోనిచ్చి, మెల్లగా, మణికట్టు కొంచెం వంచుతూ లేపాలి, తర్వాత ఉంగరం వేలు, అప్పుడు మధ్య వేలు దానంతటదే వస్తుంది. రోజూ పొద్దున్న చేసే పనే. పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి రాత్రికి రాత్రి మూసుకుపోతుంది, లోపల చెమట పట్టి పాచి వాసన వేస్తుంది, తెరిచి కడిగి పౌడరు వేయాలి. చిటికెన వేలు వచ్చింది. ఉంగరం వేలు వచ్చింది. మధ్య వేలు దగ్గర ఆమె వేళ్లకి ఏదో తేడా తెలిసింది, చేతికి ముందు తెలిసి బుర్రకి తర్వాత తెలిసింది. ఇది కుడి చెయ్యి కాదు. ఇది జబ్బు బిగుతు కాదు. ఆయన వంట్లో ఆయన చెప్పినట్టు వినే చెయ్యి ఇదొక్కటే, ఇది బిగుసుకుందంటే ఆయన బిగించాడు. విప్పిన రెండు వేళ్లూ మళ్లీ ముడుచుకున్నాయి. అరవై ఒక్క ఏళ్ల మనిషి, పోర్టులో వందమంది చేత పని చేయించిన మనిషి, దవడ వణుకుతూ, ఉన్న బలమంతా ఆ పిడికిట్లోకి తెచ్చుకుని పట్టుకున్నాడు. నర్సు చేతికి ఆ బలం ఒక లెక్క కాదు. ఇంకొంచెం వంచితే చాలు. ఎవరికీ తెలియదు కూడా, సహాయం చేస్తున్నట్టే ఉంటుంది, మెత్తగా, గొంతు పెంచకుండా, ఇంక మీకు భయం లేదండీ, నేనే తీస్తాను అన్నట్టు. అవి ఒకప్పటి ఆయన మాటలే.

చెయ్యి వదిలేసింది.

"ఆయన ఒప్పుకోవటం లేదు మేడం."

"ఇందాక ఒప్పుకున్నారన్నారు?"

"అబద్ధం చెప్పాను. ఆయనకి ఇష్టం లేదు. మొదటినుంచీ లేదు. నాకు తెలుసు."

ట్రాకు మీద ఎవరిదో బండి ఆగి ఆగి మోగుతోంది. నీలిమ ఇంకు ప్యాడు మూసింది. కోప్పడలేదు. "అయితే నేను రాయలేనమ్మా. ఆయన మనసు మారితే తీసుకురండి" అంది. వెళ్లబోతుంటే ప్రసన్నకుమారి ఆపింది. "మేడం, ఒక్క మాట. బండి ఆయన పేరు మీదే ఉంటుంది. అందులో జబ్బుపడ్డవాళ్లని మేం ఎక్కించుకోవచ్చా?"

"కిరాయి తీసుకోనప్పుడు ఎవరు కాదంటారు? మీ కారు, మీ ఇష్టం" అనేసి ఆవిడ తర్వాతి బండి దగ్గరికి వెళ్లిపోయింది.

వీరేంద్ర ఫైలు తీసుకొచ్చి వెనక సీటు మీద పెట్టాడు, దిండు సర్దాడు, బెల్టు చూశాడు, బండి తీశాడు. జాతీయ రహదారి మీదికి వచ్చాక, పోర్టు వైపు పోయే లారీల వరస వెనక ఇరుక్కున్నాక, అప్పుడు అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ. "అనూరాధ మేడంకి ఏటి సెప్పమంతారమ్మా?"

"నేను చెప్తాను."

"సరేలెండి. మాయమ్మకి ఆటో ఉంది కదా." గేరు మార్చి, "ఆయన బండి, ఆయన ఇట్టం" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది, ఆ అలసట ఆమెకి తెలిసినదే. ముందు సీట్లో ఆయన శాంతించాడు. పిడికిలి విప్పి, అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి కూర్చున్నాడు. గెలిచాడు. గెలిచి ఎక్కడికి వెళ్తాడు, తనూ ఇక్కడే, ఆయనా ఇక్కడే, సెల్లార్లోకి వెళ్లి మళ్లీ ఆ గుడ్డ కప్పాలి. లారీ వెనక తలుపు మీద ఇనుప ఖనిజం ఎర్రటి దుమ్ము, ఆ దుమ్ములో ఎవరో వేలితో రాసిన పేరు. కదలదు. వెనక హారన్లు. ఎవరూ ఎటూ పోయే వీలు లేదు.

"వీరేంద్రా, రేపు మీ అమ్మగారి వాయిదా కదా. ఎన్నింటికి ఆసుపత్రిలో ఉండాలి?"

"ఏడుకమ్మా. ఏం?"

"ఈ బండిలో తీసుకెళ్దాం. నువ్వు నడుపు. ఈయన్ని ఒక్కణ్నీ వదిలి రాలేను గనక ఈయనా వస్తారు, నేనూ వస్తాను. ఆవిణ్ని వెనక నా ఒళ్లో పడుకోబెట్టుకుంటాను."

"వద్దు" అన్నాడు డేవిడ్ రాజు.

ఆమె ముందుకి వంగి ఆయన ముఖం చూసింది. కళ్లు కదలలేదు.

"విన్నానండీ" అంది. పద్నాలుగు నెలల్లో ఆ మాటకి ఆయనకి దక్కిన మొదటి జవాబు అది. "మీరు వద్దంటున్నారు. నాకు తెలిసింది. బండి మీదే, ఎవరికీ ఇవ్వటం లేదు. అయినా రేపు వెళ్తున్నాం."

"వద్దు. వద్దు."

"విన్నాను."

వీరేంద్ర అద్దంలోంచి ఆమెని చూశాడు. "సార్‌కి ఇట్టం లేదేటమ్మా?"

"ఆయనకి లేదు. నాకుంది."

లారీ కొంచెం కదిలి మళ్లీ ఆగింది. యారాడ వెళ్లి ఆవిణ్ని ఎక్కించుకుని, కొండ దిగి ఏడింటికి ఆసుపత్రికి చేరాలంటే ఇంటినుంచి ఐదింటికి బయల్దేరాలి. ఐదింటికి ఆయన కారులో ఉండాలంటే నాలుగుకి లేపాలి, డైపరు మార్చాలి, కుడి చెయ్యి కడగాలి, గడ్డం గీయాలి, గంజి మిక్సీ పట్టి చెంచా చెంచా తాగించాలి, ప్రతి చెంచాకీ వద్దు వినాలి. మూడున్నరకి అలారం. గురువారం, సోమవారం, మళ్లీ గురువారం.

"ఐదింటికల్లా వచ్చీ" అంది ప్రసన్నకుమారి. "నాను రెడీగా ఉంటాను."